నది పక్కన క్యాంపర్ వ్యాన్ ఆపడానికి జాగా: సిరొంచ, కాళేశ్వరం, సోమనూర్ వైపు తెలిసినవాళ్ళు చెప్పండి

బల్లార్‌పూర్_బండి:
అందరికీ నమస్తే. మాది చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్. పాత ట్రావెలర్ ఒకటి కొని క్యాంపర్‌గా మార్పించాం, ఆర్టీవోకి తీసుకెళ్ళి ఆర్సీ మీద కూడా మార్పించుకున్నాం. డిసెంబర్ సెలవుల్లో అమ్మ, నాన్న, పిల్లలతో గోండ్‌పిప్రి, ఆష్టి, ఆలాపల్లి మీదుగా సిరొంచ వెళ్ళి నది పక్కనే మూడు నాలుగు రోజులు ఉండాలని ప్లాన్. నా మనసులో మూడు చోట్లున్నాయి. ఒకటి సిరొంచ దగ్గర ప్రాణహిత ఇసుక, రెండు వంతెన దాటి కాళేశ్వరం, మూడు ఇంద్రావతి గోదావరిలో కలిసే సోమనూర్. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా నీళ్ళు కనబడాలని పిల్లల గొడవ, నాన్నకేమో మోకాళ్ళ నొప్పి, రాత్రి లేస్తే ఎత్తుపల్లాలు ఉండకూడదు. బండిలో కాసెట్ టాయిలెట్ (కింది డబ్బా బయటకి తీసి ఖాళీ చేసేది), 100 లీటర్ల నీళ్ళ ట్యాంకు, చిన్న గ్యాస్ సిలిండర్ ఉన్నాయి. ఇసుకలోకి దిగొచ్చా, ఎవరి పర్మిషన్ అడగాలి, అసలు జాగా మంచిదో కాదో ఎలా చూసుకోవాలి? అక్కడివాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

ప్రాణహిత_ఒడ్డు:
నమస్తే అక్కా, మాది సిరొంచనే. ముందుగాల ఒక్క మాట చెప్త, ఇసుకలకు బండి దింపుడు వద్దు. పైకి ఎండి గట్టిగ కనబడ్తది గని కింద ఒండ్రు పచ్చిగనే ఉంటది, ట్రావెలర్ లోపల సామాను, నీళ్ళు, మనుషులు అన్నీ కలిపితే మూడున్నర టన్నులు దాటుతది, ఎనక చక్రాలు ఒక్కసారి తిరిగినయంటే ఇరుసు దాక కూరుకపోతది. తియ్యాలంటె ట్రాక్టర్ రావాలె, ఆ ట్రాక్టర్ గూడ ఒక్కోసారి దిగవడ్తది.

ఇగ నీళ్ళ సంగతి. ప్రాణహిత అంటే వార్ధా, వైన్‌గంగ రెండు కలిసిన నీళ్ళు, తుమ్మిడిహెట్టి కాడ కలుస్తయి. వైన్‌గంగ మీద పైన భండారా జిల్లాల గోసీఖుర్ద్ డ్యాం ఉన్నది, 33 గేట్లు. అక్కడ గేట్లు లేపిన్రంటె ఇక్కడ మన నెత్తి మీద చుక్క వాన పడకున్నా నది పెరుగుతది. డిసెంబర్‌ల ఆ భయం తక్కువనే, కాదంట లేను. కని అలవాటు అనేది మంచిగ ఉండాలె కదా, ఒకసారి ఇసుకల పండుకున్నోళ్ళు జూన్‌ల గూడ అక్కడనే పండుకుంటరు.

మంచిర్యాల_మైలేజ్:
తమ్మీ మరీ భయపెడ్తున్నవ్ 🙂 మేము ఎండకాలం అర్జునగుట్ట దిక్కు ఇసుక మీదనే బండ్లు పెట్టి పండుకుంటం, చుట్టూ ఊరోళ్ళ పుచ్చ తోటలు, చల్లగాలి, పైన చుక్కలు. టైర్ల గాలి కొంచెం తగ్గిస్తే దిగవడదు. నదికాడికొచ్చి గట్టు మీద పండుకునేదానికి అంత దూరం ఎందుకు అక్కా?

ప్రాణహిత_ఒడ్డు:
అన్నా మీది ఫోర్ బై ఫోర్, పిలగాండ్లు పోయిన్రు పండుకున్నరు. ఆమె ముసలోళ్ళను తోలుకొస్తున్నది. రాత్రి రెండు గంటలకు నీళ్ళొచ్చినయంటె మీరు ఉరుకుతరు, మోకాళ్ళ నొప్పులాయన ఇసుకల ఎట్ల ఉరుకుతడు?

రాజమండ్రి_టు_మిస్సోరి:
నేను కొంచెం కలగజేసుకుంటానండి. మాది గోదావరి జిల్లా, ఇప్పుడు అమెరికాలో ఉంటున్నాం, ఇక్కడ ఆర్వీ (ఇలాంటి క్యాంపర్ బండే) వేసుకుని నదుల పక్కన క్యాంప్‌గ్రౌండ్లకి తరచూ వెళ్తుంటాం. ఇక్కడ సైట్ బుక్ చేస్తే నెంబరు వేసిన జాగా, 30 ఆంప్ లేదా 50 ఆంప్ కరెంటు, నీళ్ళ కుళాయి, ట్యాంకు ఖాళీ చేసుకునే డంప్ స్టేషన్ అన్నీ ఉంటాయి. ఇక్కడ డ్యాములు చూసుకునే ప్రభుత్వ సంస్థ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ళ డ్యాముల పక్క క్యాంప్‌గ్రౌండ్లైతే మరీ బాగుంటాయి, చాలావాటికి ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు. ఇన్ని ఉన్నా నేను మొట్టమొదట చూసేది మ్యాపులో ఎత్తు గీతలండి. నదికి ఆనుకుని ఉన్న సైట్లకే గిరాకీ ఎక్కువ, నేను మాత్రం వాటి వెనక, పైన వరసలోది తీసుకుంటాను.

కారణం చెప్తాను. ఆర్కాన్సాలో లిటిల్ మిస్సోరి నది పక్కన ఆల్బర్ట్ పైక్ అని అడవిలో క్యాంప్‌గ్రౌండ్ ఉండేది. 2010 జూన్ 11 తెల్లవారుజామున జనం నిద్రలో ఉండగా నది కొన్ని గంటల్లోనే ఇరవై అడుగులకి పైగా లేచింది, 20 మంది పోయారు, అందులో పసిపిల్లలు కూడా. మొన్న 2025 జులై 4న టెక్సాస్‌లో గ్వాడలూప్ నది అయితే దాదాపు 45 నిమిషాల్లో 26 అడుగులు లేచింది, ఆ ఒడ్డున ఉన్న ఆర్వీ పార్కుల్లో బండ్లు బండ్లే కొట్టుకుపోయాయి. రెండూ రాత్రి పూటే, రెండుచోట్లా సెలవుకని పిల్లాపాపలతో వచ్చినవాళ్ళే. ఇవి చదివాక నాకు నది ఒడ్డు సైటు అంటే మనసొప్పదండి.

అయితే ఒక తేడా ఉంది, అది కూడా చెప్పాలి. అవి కొండల మధ్య ఇరుకు లోయలు, వాన పడితే నీళ్ళన్నీ ఒకేసారి కిందకి దూకుతాయి. మన గోదావరి, ప్రాణహిత లాంటి వెడల్పు నదులు అంత హఠాత్తుగా లేవవు, టైమిస్తాయి. హఠాత్తుగా లేచేవి పక్కనుంచి వచ్చి కలిసే వాగులు. కాబట్టి నది ఎంత దూరం అన్నదానితో పాటు, మీ బండికీ తారు రోడ్డుకీ మధ్యలో వాగు ఏమన్నా ఉందా అన్నది తప్పకుండా చూసుకోండి.

ప్రాణహిత_ఒడ్డు:
అన్నా సరిగ్గ చెప్పిన్రు. మా దిక్కు గదే సంగతి. నది ముంచదు, ఎనక వాగు పొంగి తొవ్వ బందయితది, మనిషి నడుమల చిక్కుతడు. వానకాలంల మా ఊర్లు తెగిపోయేది వాగుల తోటే.

నాగావళి_నీళ్ళు:
మాది రాయగడ అండి, ఒడిశా. ఇక్కడా అదే కథ. 2017 జులైలో నాగావళి, కల్యాణి ఒకేసారి పొంగి తెరువలి దగ్గర రైలు వంతెననే పట్టుకుపోయాయి. అంతకు ముందు రోజు చూసిన వాళ్ళు ఆ ఏరు మోకాలు లోతు కూడా ఉండదనుకుంటారు. మా వైపు కొండ ఏర్ల పక్కన చదునుగా, గడ్డి పచ్చగా భలే జాగాలు కనిపిస్తాయి, బండి ఆపేయాలనిపిస్తుంది. అంత చదునుగా ఎందుకుందంటే ఏటి నీరు ఎక్కి పరుచుకున్న చోటే కనక.

బడి_పంతులమ్మ:
అందరూ నీళ్ళ గురించే చెప్తున్నారు, నేను ఊరి గురించి చెప్తాను. నేను అసరెల్లి వైపు బడిలో పనిచేస్తాను. బయటి బండ్లు వచ్చి నేరుగా రేవులో ఆపుకుంటారు, ఎందుకంటే బండి దిగడానికి అక్కడే దారి ఉంటుంది, చూడ్డానికీ బాగుంటుంది. ఆ రేవులో పొద్దున్నే ఆడవాళ్ళు స్నానాలకి, బట్టలకి వస్తారు. బండి, దాని ముందు కుర్చీలు వేసుకుని కాఫీ తాగుతున్న మగవాళ్ళు కనిపిస్తే వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు, నోరు తెరిచి ఏమీ అనరు. మీరు మంచివాళ్ళే కావచ్చు, కానీ వాళ్ళ రోజు మొత్తం పాడవుతుంది. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఇంకోటి, ఎండాకాలం ఇసుకలో చెలిమెలు తవ్వుకుని ఆ నీళ్ళు తాగే ఇళ్ళు ఉన్నాయి. గిన్నెలు కడిగిన సబ్బు నీళ్ళు పైన ఇసుకలో పారబోస్తే అవి ఎక్కడికి ఇంకుతాయో ఆలోచించండి. గ్రే వాటర్ పైపు కింద బకెట్ పెట్టి, ఒడ్డుకు దూరంగా ఏదైనా చెట్టు మొదట్లోనో పెరట్లోనో, అడిగి పోయండి. కాసెట్ అయితే నది దరిదాపుల్లో తెరవనే వద్దు, పెట్రోల్ బంకులోనో ఎవరింట్లోనో సెప్టిక్ ట్యాంక్ ఉన్న లెట్రిన్‌లో ఖాళీ చేసుకోండి.

ఒడ్డున బూడిద, కాలిన కట్టెలు, కుండ పెంకులు కనిపిస్తే అది దహనాల చోటు. అక్కడ ఆపకండి.

బల్లార్‌పూర్_బండి:
టీచర్ గారూ, రేవు సంగతి నాకు అసలు తట్టలేదు, రాసినందుకు థాంక్స్. మరి పర్మిషన్ ఎవరిని అడగాలండి? గ్రామ పంచాయతీనా, తహసీల్ ఆఫీసా?

బడి_పంతులమ్మ:
ఊరి భూమి అయితే సర్పంచ్, పోలీస్ పాటిల్ (ఊళ్ళో పోలీసు వ్యవహారాలు చూసే ఆయన) ఇద్దరికీ చెప్పండి. మన మహారాష్ట్ర ఊళ్ళలో పోలీస్ పాటిల్‌కి తెలియకుండా రాత్రి కొత్త బండి ఆగితే ఆయనకే మాట వస్తుంది, ఆయనకి చెబితే సగం పని అయినట్టే. సొంత పొలమో కల్లమో అయితే ఆ రైతునే అడగాలి. ఊరికి చేరేది మాత్రం పొద్దు ఉండగానే, నాలుగింటికల్లా. చీకటి పడ్డాక వచ్చి హెడ్‌లైట్లు వేసుకుని జాగా వెతికితే ఎవరికైనా అనుమానమే.

ప్రాణహిత_ఒడ్డు:
ఇంకోటి గూడ యాదికుంచుకో అక్కా, మేడిగడ్డ బ్యారేజీ కట్టినంక నీళ్ళు ఎనక్కి మళ్ళి మా దిక్కు చానా మంది పొలాలు మునిగినయి. 2023 అక్టోబర్‌ల పిల్లర్లు కుంగినంక గేట్లు తెరిచే ఉన్నయి, నీళ్ళు ఆపుతలేరు, అయినా ఆ బాధ పోలే. అందుకని నది ఒడ్డు చేన్ల "ఖాళీ జాగనే కదా" అని బండి తోలకు. ఆ ఖాళీ జాగ వెనక ఒక ఇల్లు ఉంటది.

కరెంట్_కబుర్లు:
కరెంటు గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తా. బండిలో 12 వోల్ట్ 200 ఏహెచ్ లిథియం బ్యాటరీ ఉందనుకుంటే దాదాపు రెండున్నర యూనిట్లు. ఒక టన్ను ఏసీ వేస్తే రెండు మూడు గంటల్లో ఖాళీ. డిసెంబర్‌లో నది పక్కన ఏసీ అవసరమే లేదు, 12 వోల్ట్ ఫ్యాన్ ఒకటి రాత్రంతా తిరిగినా పావు యూనిట్ కాదు, లైట్లు ఫోన్లు కలిపినా బ్యాటరీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మే నెల ప్లాన్ అయితే మాత్రం వద్దు అనే చెప్పేవాణ్ణి, ఆ ప్రాంతం 45 డిగ్రీల దాకా కాలుతుంది, రేకు బండిలో పెద్దవాళ్ళని ఉంచలేం.

రైతు ఇంట్లోంచి వైరు లాక్కుంటే రెండు పనులు చేయండి. సాకెట్ టెస్టర్ పెట్టి ఎర్తింగ్ ఉందో లేదో చూడండి, లేకపోతే బండి బాడీ ముట్టుకున్న పిల్లలకి షాక్ కొట్టే ప్రమాదం ఉంది. తర్వాత వోల్టేజ్ చూడండి, సాయంత్రం లోడ్ పడ్డప్పుడు బాగా పడిపోతుంది, ఇండక్షన్ స్టవ్ లాంటివి వేస్తే వాళ్ళింట్లో ఫ్యాన్ కూడా ఆగుతుంది. పొలం మోటార్ల లైన్‌కి రోజంతా కరెంటు ఉండదు, దాన్ని నమ్ముకోవద్దు. వాడుకున్నదానికి డబ్బులిచ్చేయండి, వాళ్ళు వద్దన్నా సరే.

సాయంత్రం పొగమంచుకి కిటికీలన్నీ మూసి లోపల గ్యాస్ స్టవ్ మీద నీళ్ళు కాచుకుంటారు చూడండి, అది వద్దు. పైన వెంట్ తెరిచే ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనిపెట్టుకోండి, మంట పెట్టిన బొగ్గుల కుంపటి బండిలోకి తేవద్దు.

మంచిర్యాల_మైలేజ్:
సరే ఒప్పుకున్న, పెద్దోళ్ళు ఉన్నప్పుడు ఇసుక వద్దు. రోడ్డు సంగతి నేను చెప్త. ఆలాపల్లి నుంచి సిరొంచ అడవి రోడ్డు, వంద కిలోమీటర్ల లెక్క పెట్టుకోండి, తొవ్వల గుంతలున్నయి, పొద్దుగూకినంక వద్దే వద్దు. ఆలాపల్లిలనే డీజిల్ ఫుల్ కొట్టించుకోండి. చెకింగ్ ఉంటది, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ అన్నీ చేతికందేటట్టు పెట్టుకోండి, బండిలో ఎవరెవరున్నరో చెప్పండి, మంచిగనే మాట్లాడ్తరు. సొంత బండి తెల్ల నెంబర్ అయితే రాష్ట్రం మారినా 12 నెలల దాక రిజిస్ట్రేషన్ బాధ లేదు. 7500 కిలోల లోపు బండికి ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్స్ చాలు, 2024 నవంబర్‌ల సుప్రీంకోర్టు గూడ ఆ మాటనే ఖాయం చేసింది.

ఇంకోటి, నది పక్క తొవ్వ ఎన్నుకునేటప్పుడు ఇసుక రీచ్‌కు పోయే తొవ్వనా కాదా చూడండి. తొవ్వ మీద ఇసుక రాలి, టిప్పర్ల జంట చక్రాల అచ్చులు లోతుగ ఉంటే రాత్రంతా బండ్లు తిరుగుతయి, నిద్ర ఉండది, పిల్లలకు డేంజర్.

బల్లార్‌పూర్_బండి:
ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, నాన్నకి చదివి వినిపిస్తున్నా. ఇంకో రెండు డౌట్లు. దారిలో ఆష్టి దగ్గర చప్రాలా అభయారణ్యం ఉంది కదా, మొదటి రాత్రి అక్కడ నది దగ్గర ఆపుకోవచ్చా? రెండోది, ఒక జాగా వరదకి మునిగేదా కాదా అని ఊరికి కొత్తవాళ్ళం ఎలా కనిపెట్టాలి?

నాగావళి_నీళ్ళు:
అభయారణ్యంలో అనుమతి లేకుండా రాత్రి ఉండటం వన్యప్రాణి చట్టం కింద నేరం అండి. అటవీ శాఖ వాళ్ళ గెస్ట్ హౌస్ ఆవరణలో ఆపుకోనిస్తారేమో రేంజ్ ఆఫీసులో అడగండి, వాళ్ళు ఊఁ అంటేనే. లేదంటే ఆష్టి ఊళ్ళోనే పడుకుని పొద్దున్న బయల్దేరండి.

ప్రాణహిత_ఒడ్డు:
రెండో దానికి నేను చెప్త, ఇది మంచి ప్రశ్న. ఒడ్డుకు పోయినంక ముందు చెట్లు చూడు. తుమ్మ చెట్ల కొమ్మల్ల ఎండుగడ్డి, ప్లాస్టిక్ కవర్ల పేలికలు, చింపిరి గుడ్డలు ఇరుక్కొని ఉంటయి, అన్ని ఒక్కటే దిక్కుకు, నీళ్ళు పోయే దిక్కుకు వంగి ఉంటయి. అవి నీ తలకంటే పైన ఉన్నయంటే నువ్వు నిలబడ్డ జాగల నీళ్ళు అంత ఎత్తు పారినట్టు. తర్వాత మొద్దు మీద చెయ్యి పెట్టి రుద్దు, బెరడు సందులల్ల సన్నటి బూడిదరంగు మట్టి, పౌడర్ లెక్క వేళ్ళకు అంటుకుంటది, అది ఒండ్రు. ఆ మట్టి ఏడ ఆగిపోయిందో గదే వరద గీత. చెట్లు లేకుంటే గుడి గోడ, బడి గోడ చూడు, కింద సున్నం రంగు ఒక తీరు పైన ఒక తీరు ఉంటది.

2022 జులైల వచ్చింది మా కాలంల పెద్దది. మేడిగడ్డ కాడ 28 లక్షల క్యూసెక్కులు దాటింది, అవతల కన్నెపల్లి పంప్ హౌస్ మునిగింది, మా దిక్కు ఊర్లకు ఊర్లు ఖాళీ చేసిన్రు. ఊర్ల ఏ ముసలమ్మను అడిగినా "గీడి దాక వచ్చినయి బిడ్డా" అని చెయ్యి పెట్టి చూపిస్తది. ఆ చెయ్యికంటె ఎత్తుల బండి పెట్టు. డిసెంబర్‌ల అంత రాదు, నాకు తెల్సు. కని ఆ గీతకు పైనున్న నేల గట్టిగ ఉంటది, చీమ దోమ గూడ తక్కువ, పొద్దున మంచు గూడ తక్కువ దిగుతది.

నేల చూసుకునేదానికి గడ్డపార పట్టుకపో. చక్రం పెట్టే నాలుగు చోట్ల పొడిచి చూడు, జానెడు దిగి గట్టిగ తగిల్తే సరే, మెత్తగ మూరెడు దిగితే అక్కడ వద్దు. నల్ల రేగడి అయితే రాత్రి చినుకు పడినా పొద్దున బండి కదలది, కంకర తేలిన ఎర్ర నేల చూసుకో. మూతి తొవ్వ దిక్కు పెట్టి ఆపు, పోవాల్సొస్తే రివర్స్ కొట్టుకుంట కూసోవద్దు.

రాజమండ్రి_టు_మిస్సోరి:
అద్భుతం తమ్ముడూ. ఆ చెట్ల కొమ్మల్లో చెత్త చూసే పద్ధతి నేనూ పాటిస్తాను, ఎక్కడ నదైనా పనికొస్తుంది. మొసళ్ళు ఉన్నాయా మరి?

ప్రాణహిత_ఒడ్డు:
ఎగువల గోదావరి మీద మంథని, మంచిర్యాల నడుమ శివ్వారం కాడ మొసళ్ళ అభయారణ్యమే ఉన్నదన్నా. అందుకని లోతు మడుగులల్ల పిల్లలను దింపొద్దు, చీకట్ల నీళ్ళ అంచుకు పోవద్దు. చేపలు పట్టేటోళ్ళను అడిగితే ఏ మడుగు మంచిదో ఏది కాదో చెప్తరు.

బడి_పంతులమ్మ:
మలేరియా గురించి ఎవరూ అనలేదు. మహారాష్ట్రలో మలేరియా ఎక్కువగా ఉండే జిల్లాల్లో మన గడ్చిరోలి ఒకటి. పొద్దు గూకకముందే కిటికీ మెష్‌లు వేసేయండి, పడుకునేటప్పుడు దోమతెర, పిల్లలకి నిండు చేతుల చొక్కాలు. ఇంటికి వెళ్ళాక రెండు మూడు వారాల్లో చలి జ్వరం వస్తే ఆశ వర్కర్‌నో డాక్టర్‌నో కలిసి ఫలానా చోటికి వెళ్ళొచ్చామని చెప్పి రక్తపరీక్ష చేయించండి, మామూలు జ్వరం అని గోళీ వేసుకుని కూర్చోకండి.

సోమనూర్ గురించి నా మాట, పగలు వెళ్ళి చూసి రండి. ఇంద్రావతి, గోదావరి కలిసే చోటు పిల్లలు చూడాల్సిందే. కానీ రాత్రి అక్కడ వద్దు, పెద్దవాళ్ళకి ఏదైనా అయితే సిరొంచ ఆసుపత్రికి రావడానికి చాలా టైం పడుతుంది, ఫోన్ సిగ్నల్ కూడా అంతంతే. కాళేశ్వరం కూడా పగలే, వంతెన దాటితే వచ్చేస్తుంది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, అమ్మగారు తప్పకుండా దర్శనం చేసుకోవాలంటారు. సోమవారం కాకుండా చూసుకోండి.

బల్లార్‌పూర్_బండి:
సరే, అయితే ప్లాన్ మార్చేశాను. మొదటి రాత్రి ఆష్టిలో, తర్వాత రాత్రులన్నీ సిరొంచ దగ్గరే ఒకే చోట, వరద గీతకి పైన. అక్కడి నుంచే కాళేశ్వరం ఒక రోజు, సోమనూర్ ఒక రోజు. నది ఎదురుగా లేదని పిల్లలు అలుగుతారు గానీ పొద్దున్నే నడిపించుకుని తీసుకెళ్తా. తమ్ముడూ, మీ ఊరి దగ్గర అలాంటి కల్లం ఏదైనా చూసిపెట్టగలవా? అద్దె ఎంతైనా ఇస్తాం.

ప్రాణహిత_ఒడ్డు:
ఉన్నదక్కా, మా పెదనాయన వాళ్ళ కల్లం. ఎర్ర నేల, గట్టు మీద, రెండు చింత చెట్లు, బోరు ఉన్నది, నదికి నడుసుకుంట పది నిమిషాలు, నడుమల వాగు లేదు. అద్దె మాట పెదనాయన ముంగట అనకు, ఆయనకు కోపమొస్తది, పెద్దమ్మ చేతిల పెట్టు. కని డిసెంబర్‌ల వడ్లు ఇంక కల్లంలనే ఉంటయేమో, బయలెల్లేదానికి ముందు రోజు ఇక్కడ ఒక మెసేజ్ పెట్టు, పోయి చూసొచ్చి చెప్త. వడ్లు ఉంటే బడి ఎనక జాగ అడుగుదం, పోలీస్ పాటిల్‌కు నేను చెప్పి ఉంచుత.

బడి_పంతులమ్మ:
బడి వెనక అయితే సెలవుల్లో గేటు తాళం వేసి ఉంటుంది, హెడ్మాస్టర్ గారిని ముందే అడగాలి. ఆ పని చేస్తే శుక్రవారం లోపల చేయండి, తర్వాత ఆయన ఊరికి వెళ్ళిపోతారు.